ట్యాంకు చల్లగానే ఉంది, కరెంటు మాత్రం తగ్గలేదు. ఎక్కడ పోతోంది?

ప్రశ్న (మెకానికల్ మూడో సంవత్సరం, తిరుపతి): పగలు సోలార్ కరెంటుతో కంప్రెసర్ నడిపి, 300 లీటర్ల ట్యాంకులో 7 బార్ దాకా గాలి నింపుతున్నాం. రాత్రి ఆ గాలితో చిన్న జనరేటర్ తిప్పాలని ప్రాజెక్టు. ట్యాంకుకు తడి గోనెసంచులు చుట్టాం. అయినా కరెంటు అంతే లాగుతోంది. కంప్రెసర్ హెడ్డు (సిలిండర్ పై మూత) మీద చెయ్యి పెట్టలేం, అంత వేడి.

జవాబు (కంప్రెసర్ మెకానిక్, చిత్తూరు): తమ్ముడూ, గాలి ట్యాంకు చేరేసరికే మోటారు పడాల్సిన కష్టం పడిపోయింది. వేడిని సిలిండర్లో నొక్కుతున్నప్పుడే లాగాలి. పుల్లీ మార్చి స్పీడు తగ్గించు, సిలిండర్ చుట్టూ వేడిని బయటికి వదిలే ఫిన్నుల (రెక్కల) మీది జిడ్డు గీకు. రెండు స్టేజీల మెషిన్, అంటే గాలిని రెండు విడతల్లో నొక్కేది దొరికితే ఇంకా మేలు, మధ్యలో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఉంటుంది.

జవాబు (రిటైర్డ్ లెక్చరర్, తిరుపతి): లెక్క చూడు. గేజీలో 7 బార్ అంటే, బయటి గాలి ఒత్తిడి 1 బార్ కలిపి ఎనిమిది రెట్లు. మన ఎండకు 35 డిగ్రీలున్న గాలిని, వేడి బయటికి పోనివ్వకుండా ఒకేసారి ఎనిమిది రెట్ల ప్రెషర్‌కు నొక్కితే 285 డిగ్రీల దాకా వెళ్తుంది. మొదటినుంచీ చల్లగా ఉంచి నొక్కితే అయ్యే పని కంటే ఇది దాదాపు 37 శాతం ఎక్కువ. రెండు స్టేజీలు చేసి మధ్యలో పూర్తిగా చల్లారిస్తే ఆ అదనం 16 శాతానికి దిగుతుంది.

ప్రశ్న: సార్, సిలిండర్లోకి నీళ్లు స్ప్రే చేస్తే?

మెకానిక్: ఈ మెషిన్లో వద్దు. పిస్టన్ పైకొచ్చినప్పుడు హెడ్డుకు సందు వెంట్రుకవాసే. నీళ్లు నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆయిల్ కూడా కడిగేస్తాయి. పైగా మన బోరు నీళ్లకు నాజిల్ ఎన్నాళ్లు తెరుచుకుని ఉంటుంది?

లెక్చరర్: నీళ్లనే పిస్టన్ చేసుకో. నిలువు స్టీలు గొట్టంలోకి కింద నుంచి ప్రెషర్ పంపుతో నీళ్లు ఎక్కించు, పైనున్న గాలి నొక్కుకుపోతుంది. లోపల గిన్నెలు తోమే స్టీలు పీచు వదులుగా నింపితే వేడి పట్టుకునే ఉపరితలం బాగా పెరుగుతుంది. నిదానంగా ఎక్కించాలి, తొందరపడితే ఫలితం ఉండదు. వదిలేటప్పుడు కథ తిరగబడుతుంది: గాలి చల్లబడి బలం తగ్గుతుంది, అప్పుడు వేడి ఇవ్వాలి. జర్మనీలో 1978లో మొదలైన, ఇలాగే గాలిని నొక్కి నిల్వచేసే హంటార్ఫ్ ప్లాంటులో నొక్కేటప్పటి వేడిని వదిలేసి, తీసేటప్పుడు గ్యాస్ మండిస్తారు. మీరు గోరువెచ్చని నీళ్లు వాడండి చాలు.

ఇంకొకటి, నష్టాలే లేకపోయినా మీ ట్యాంకులో ఉండేది 0.08 యూనిట్. ఇన్వర్టర్ బ్యాటరీతో పోటీ అని రిపోర్టులో రాయకండి, వేడి లెక్క చూపించండి.

మెకానిక్: పీవీసీ పైపు మాత్రం పెట్టొద్దు, పగిలితే ముక్కలు ఎగురుతాయి. గాలి నింపేముందు నీళ్లతో టెస్టు చెయ్యి. సేఫ్టీ వాల్వు ఉందా?

ప్రశ్న: ఉందన్నా, కానీ పాతది.

మెకానిక్: అయితే ముందు అది మార్చు.