"సోకింది" అంటే ఏం సోకినట్టు?

ప్రశ్న: ఒక గోతిక్ ఫాంటసీ కథ రాస్తున్నాను. యువరాజు రాత్రికి రాత్రి చిక్కిపోతుంటాడు, ఆస్థాన వైద్యుడికి నాడిలో ఏ తేడా దొరకదు. "యువరాజుకు అతీంద్రియ వ్యాధి సంక్రమించింది" అని రాశాను. చదివితే ఆరోగ్యశాఖ ప్రకటనలా ఉంది. వేరే మాట చెప్పగలరా?

జవాబు: ముందు "అతీంద్రియ" తీసేయండి. మంచం చుట్టూ నిలబడి వణికేవాళ్ళెవరూ ఆ మాట అనరు. "యువరాజుకు ఏదో సోకింది" అంటే సరిపోతుంది. ఎండ సోకని గది అంటాం, కలరా సోకింది అంటాం, దయ్యం సోకింది అని కూడా అంటాం. మూడింటికీ ఒకటే క్రియ. ఇది మీకు వరం. ఇలా రాసి చూడండి:

"బాబుగారికి గాలి సోకిందండీ."
"ఎప్పుడు?"
"మొన్న కిటికీ తీసి పడుకున్నారు."

వైద్యుడు చలిగాలి అనుకుని కషాయం రాస్తాడు. దాది చెప్పింది ఆ గాలి గురించి కాదు. ఇద్దరూ ఒకే మాట వాడారు, ఒకరిది ఒకరికి అర్థం కాలేదు.

ఇంకొకరు: "రాజయక్ష్మ" వాడొచ్చుగా? పేరులోనే రాజు ఉన్నాడు. చరక సంహిత కథలో చంద్రుడు దక్షుడి కూతుళ్ళు 28 మందినీ పెళ్ళాడి, రోహిణినే అంటిపెట్టుకుంటాడు. దక్షుడి కోపమే రోగమై పట్టుకుంటుంది, అశ్వినీ దేవతలు వైద్యం చేస్తారు. ముందు చంద్రరాజుకు వచ్చింది కాబట్టి ఆ పేరు. మీ కథ మొత్తం అందులోనే ఉంది!

జవాబు: మాట బాగుంది. కానీ పాఠకుడు వెంటనే క్షయ అనుకుంటాడు. 1882లో జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాక్ ఆ రోగపు సూక్ష్మజీవిని చూపించాక ఆ పేరులో భయం మిగల్లేదు, దగ్గు మిగిలింది.

ప్రశ్న అడిగినవారు: మరి నా వైద్యుడు దయ్యాల్ని నమ్మడు. అతను "సోకింది" అంటాడా?

జవాబు: అంటాడు, వెంటనే "ఏం సోకింది?" అని నిలదీస్తాడు. వియన్నాలో ఆస్ట్రియా రాణి మరియా తెరీసా ఆస్థాన వైద్యుడు వాన్ స్వీటెన్ చేసింది అదే. 1755లో ఆ రాణి ఏలుబడిలోని మొరావియాలో రక్తపిశాచి అని ఒకామె శవాన్ని తవ్వి కాల్చేస్తే, ఆ గొడవ మీద నివేదిక రాశాడు. గాలి అందకపోతే శవం త్వరగా కుళ్ళదు, అందులో వింతేమీ లేదన్నాడు. ఆ ఏడే రాణి అలాంటి తవ్వకాలు నిషేధించింది. మీ వైద్యుడికి ఆ మొండితనం అరువివ్వండి.

ఒక్క మెలిక. మధుమేహం సోకింది అనం, వచ్చింది అంటాం. బయటినుంచి తాకితేనే సోకడం. అంటే ఆ క్రియ వాడగానే సగం రోగనిర్ణయం అయిపోయినట్టే. మీ కథలో రోగం ఎక్కడినుంచి వస్తుంది?

ప్రశ్న అడిగినవారు: అయ్యో. తాత చేసిన పాపం. ఒక మంత్రసానిని బతికుండగానే గోడలో పెట్టి కట్టించాడు.

జవాబు: అయితే సోకలేదండీ, తగిలింది. ఉసురు తగిలింది. దాది మొదటి అధ్యాయంలో "సోకింది" అననివ్వండి. గోడ పగలగొట్టిన రోజున ఆమె నోటే "తగిలింది" అనిపించండి.

ఇంకొకరు: వైద్యుడు మాత్రం "వంశపారంపర్యం" అని రాసుకుంటాడేమో!

ప్రశ్న అడిగినవారు: అది నేను వాడేసుకుంటున్నాను.