జుహ్ద్‌ని ‘వైరాగ్యం’ అనొచ్చా?

కలంపోటు: ఇస్లామీ రచనల్లో వచ్చే అరబీ మాట ‘అజ్జుహ్దు ఫిద్దున్యా’ని (లోకానికి మనసు అంటుకోకుండా ఉండటం) తెలుగులో ‘ప్రాపంచిక వైరాగ్యం’ అని రాస్తే తప్పా? కొందరు ‘సన్యాసం’ అని కూడా వాడుతున్నారు.

పాతబస్తీ పదకోశం: సన్యాసం మాత్రం వద్దండీ. దానికి ఖురాన్‌లో వేరే మాటే ఉంది, ‘రహ్‌బానియ్య’ (57వ సూరా, 27వ ఆయత్). అది యేసు అనుచరులు సొంతంగా కల్పించుకున్నదే తప్ప మేం (అల్లాహ్) విధించింది కాదని అక్కడ స్పష్టంగా ఉంది. బుఖారీ హదీసుల (ప్రవక్త మాటలూ చేతల కథనాల) సంకలనంలో ముగ్గురి ప్రస్తావన ఉంది. ఒకరు రోజూ ఉపవాసమే అన్నారు, ఒకరు రాత్రంతా నమాజే అన్నారు, ఇంకొకరు పెళ్లే వద్దన్నారు. ప్రవక్త మూడింటినీ ఒప్పుకోలేదు. జాహిద్‌కి (జుహ్ద్ ఉన్నవాడికి) ఇల్లూ, దుకాణం, పెళ్లాంపిల్లలూ ఉండొచ్చు.

అసలు సంగతి ధాతువులో ఉంది. జ-హ-ద ఖురాన్ మొత్తంలో ఒక్కచోటే వస్తుంది, యూసుఫ్ సూరా (అధ్యాయం) 20వ ఆయత్‌లో (వాక్యంలో). బావిలో దొరికిన పిల్లవాణ్ని కొద్దిపాటి దిర్హమ్‌లకు అమ్మేసినవాళ్లని ‘జాహిదీన్’ (జాహిద్‌కి బహువచనం) అంది. అక్కడ భక్తీ లేదు, తపస్సూ లేదు. సరుకు మీద మోజు లేక వచ్చినకాడికి వదిలించుకున్నారు, అంతే. ఇది బజారు మాటండీ, ఆశ్రమం మాట కాదు. ఇస్లామీ పండితుడు గజాలీ తన ‘ఇహ్యా’ గ్రంథంలో మంచుగడ్డ, రత్నం పోలిక తెచ్చింది కూడా ఈ బేరం లెక్కనే: ఎండలో కరిగిపోయేదాన్ని ఇచ్చి నిలిచేదాన్ని తీసుకోవడం.

నుడికారం: ‘వైరాగ్యం’ అంటే వి+రాగం, మూలార్థం దగ్గరదే. చిక్కంతా వాడుకలో. శ్మశాన వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, పురాణ వైరాగ్యం... మూడూ నాలుగు రోజుల ముచ్చటే. ‘విరక్తి’ ఇంకా ఘోరం. పేపర్లో ‘జీవితంపై విరక్తి చెంది’ అని మొదలైతే ఆ వార్త ఎక్కడ తేలుతుందో అందరికీ తెలుసు. ఆత్మహత్య హరామ్ అన్న ధర్మానికి ఆ మాట ఎలా అతుకుతుంది?

కలంపోటు: పోనీ, ‘పేదరికాన్ని కోరుకోవడం’ అంటే?

పాతబస్తీ పదకోశం: అది ఫక్ర్. (ఫఖ్ర్ అని రాయకండి, గర్వం అయి కూర్చుంటుంది!) ఫక్ర్ అంటే చేతిలో లేకపోవడం, జుహ్ద్ అంటే ఉన్నా మనసు అంటుకోకపోవడం. మన తామరాకు మీద నీటిబొట్టు. ‘వరఅ’తో కూడా కలిపేస్తుంటారు. అనుమానమున్నదాన్ని వదిలితే వరఅ, హలాల్ అయినా అక్కర్లేనిదాన్ని వదిలితే జుహ్ద్. జుహ్ద్ అంటే ఉన్నదంతా పంచేయడమూ కాదు. ప్రవక్త సహచరుడు సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ ఆస్తిలో మూడింట రెండొంతులు దానంగా రాస్తానంటే, ప్రవక్త ఒక వంతు దగ్గర ఆపి, అదీ ఎక్కువే అన్నారు. వారసులు జనం ముందు చేయి చాచే స్థితిలో మిగలకూడదని.

నుడికారం: ఇంకొకటి. ‘ఫిద్దున్యా’లోని ‘ఫీ’ అనగానే ‘లో’ అని పెట్టి ‘ప్రపంచంలో వైరాగ్యం’ అని రాసేస్తారు. ఇక్కడ దానికి ‘మీద’, ‘పట్ల’ పెట్టాలి. ఏ మాట నిలుస్తుందో చూడాలంటే పండితుడు నవవీ కూర్చిన ‘నలభై హదీసుల్లో’ 31వది తీసుకోండి: “లోకం మీద మోజు వదులుకో, అల్లాహ్ నిన్ను ప్రేమిస్తాడు. జనం దగ్గరున్నదాని మీద మోజు వదులుకో, జనం నిన్ను ప్రేమిస్తారు.” మొదటి సగంలో ‘వైరాగ్యం’ ఎలాగో ఇముడుతుంది. రెండో సగంలో పక్కింటివాడి కారు మీద వైరాగ్యం అంటే నవ్వొస్తుంది. ‘మోజు లేకపోవడం’ రెండు చోట్లా నిలుస్తుంది. కాస్త గ్రాంథికం కావాలంటే ‘నిర్మోహం’.

కలంపోటు: అయితే మొదటిసారి ‘జుహ్ద్ (లోకం మీద మోజు లేకపోవడం)’, తర్వాత ఉత్త జుహ్ద్. జాహిద్‌కి ‘నిర్మోహి’?

పాతబస్తీ పదకోశం: బాగుంది. గజల్ అనువాదంలో మాత్రం వద్దు. అక్కడ జాహిద్ అంటే మధుశాల ముందు ముఖం చిట్లించే ఛాందసుడు. ఉచ్చారణకి దిగులు పడకండి, ‘జున్ను’లో జ పలికితే చాలావరకు సరిపోతుంది.