సోరియాసిస్‌కి మూలం రక్తనాళాలా, ఇమ్యూనిటీయా?

వరంగల్ అబ్బాయి:
మా నాన్నకి పన్నెండేళ్లుగా మోచేతుల మీద సోరియాసిస్. మొన్న దురద ఆగక పొలుసు గీకేస్తే కింద సూదిమొనంత రక్తపు చుక్కలు వరసగా నాలుగైదు లేచాయి. దీన్ని ఆస్పిట్జ్ గుర్తు అంటారని, సన్న రక్తనాళాలు ఉబ్బి మెలికలు తిరిగి పైచర్మం దాకా వచ్చేస్తాయని డాక్టరు గారు చెప్పారు. అయితే జబ్బు మొదలయ్యేది అక్కడే కదా? చర్మకణాలు వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ ఎక్కువగా వదిలితే కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. ఎలుకల చర్మంలో అదొక్కటి పెంచినా సోరియాసిస్ లాంటి మచ్చలు వచ్చాయి. మరి అందరూ ఇమ్యూనిటీ అని ఎందుకు తేల్చేస్తున్నారు?

మైక్రో టీచర్:
తమ్ముడూ, నాళాలు పెరిగే మాట నిజమే, పెరగమని వాటికి చెప్పేదెవరో చూడు. 1979లో కీళ్లవాతం ఉన్నవాళ్లకు సైక్లోస్పోరిన్ ఇస్తే వాళ్ల ఒంటి మీది సోరియాసిస్ కూడా తగ్గింది, అది టి కణాలనే ఒక రకం రోగనిరోధక కణాలను అణిచే మందు. సోరియాసిస్ ఉన్న దాత ఎముక మజ్జ ఎక్కించుకున్నాక, అంతకుముందు లేని మనిషికి ఆ జబ్బు వచ్చిన కేసులున్నాయి. మజ్జతో వెళ్లేవి రోగనిరోధక కణాలు, దాత చర్మంలోని నాళాలు కాదు. 2015లో అమెరికాలో అనుమతి పొందిన సెకుకినుమాబ్ అనే ఇంజెక్షన్ అయితే, టి కణాలు వదిలే, వాపు పెంచే ఐఎల్-17ఎ అనే ఒక్క ప్రోటీన్‌ని కట్టేస్తుంది, దాంతోనే చాలామందికి మచ్చలు దాదాపు పోతున్నాయి.

వరంగల్ అబ్బాయి:
క్యాన్సర్‌కి బెవాసిజుమాబ్ తీసుకున్న మనిషికి సోరియాసిస్ తగ్గిందని చదివానక్కా. అది ఆపేది వీఈజీఎఫ్‌నే కదా.

రాత్రి డ్యూటీ:
నేను చర్మ విభాగంలో నర్సుని. ఐఎల్-17 తగిలితే చర్మకణాలే వీఈజీఎఫ్ వదులుతాయి, దాంతో నాళాలు పెరుగుతాయి, ఆ నాళాల గోడలకు టి కణాలు అంటుకుని ఇంకా ఎక్కువగా లోపలికి దిగుతాయి, మళ్లీ ఐఎల్-17. బెవాసిజుమాబ్ బీపీ పెంచుతుంది, గాయాలు మానడం ఆలస్యం చేస్తుంది, మోచేతి మచ్చకి అది ఎవరూ రాయరు. నేను ఇమ్యూనిటీ వైపే ఉంటాను. మచ్చ పూర్తిగా మానిన చోటే మళ్లీ లేస్తుంది, ఎందుకంటే జ్ఞాపకం ఉన్న టి కణాలు అక్కడే తిష్ఠ వేసుకుని ఉంటాయి. నాన్నగారిని మాత్రం గీకనివ్వకు, గీరుకున్న చోట కొత్త మచ్చ లేవొచ్చు.

వరంగల్ అబ్బాయి:
ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు నాన్నకి టీబీ టెస్టు ఎందుకు రాశారో ఇప్పుడర్థమైంది, ఇమ్యూనిటీని అణిస్తే లోపల నిద్రపోయే టీబీ లేస్తుందనే కదా. కానీ అక్కా, ఆ జ్ఞాపక కణాలు మొదట అక్కడికి చేరింది నాళాల్లోంచే. ఆ ఒక్క మాట దగ్గర నేనింకా ఒప్పుకోను.