16×2 ఎల్‌సీడీలో "తిరుపతి", ₹, ° రావాలంటే ఏం చేయాల?

లాడ్జి_బోర్డు:
తిరుపతిలో ఒక లాడ్జి రిసెప్షన్‌కి ఆర్డుయినో యూనో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న కంట్రోల్ బోర్డు), 16×2 ఎల్‌సీడీ (వరసకి 16 అక్షరాలు, 2 వరసలు; హెచ్‌డీ44780 చిప్ రకం, వెనక తక్కువ వైర్లతో కలిపే ఐ2సీ బోర్డు) పెట్టి చిన్న డిస్‌ప్లే చేస్తా ఉండాను. పై వరసలో "తిరుపతి 31°", కింద గెస్టు పేరు, అద్దె ₹లో రావాల. ఇంగ్లిష్ బాగానే వస్తా ఉంది. "తిరుపతి" అని ప్రింట్ చేస్తే మాత్రం ఆల్ఫా, గీత, ఒక జపనీస్ గుర్తు, మళ్లీ ఆల్ఫా... ఇట్లా వరసంతా నిండిపోతోంది. విదేశీ గెస్టుల పేర్లలో వాలుగీత పెట్టిన é కూడా అంతే. ఫాంట్ ఏదైనా ఎక్కించాలా అన్నా?

రేణిగుంట_సర్క్యూట్:
ఫాంట్ ఎక్కించే చోటే లేదు దాంట్లో. ఒక్కో బైటుకి తెరమీద ఒక్కో గడి, అంతే దానికి తెలిసింది. యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనీ బైట్లుగా రాసే పద్ధతి) "తిరుపతి" అంటే గుణింతాలతో కలిపి 7 కోడ్‌లు, ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 21. ప్రతి తెలుగు కోడ్ 224తో మొదలవుతుంది. ఏ నంబరుకి ఏ గుర్తు చూపాలో చిప్‌లోనే ఒక పట్టిక ఉంటుంది. మీ చిప్‌లోని ఏ00 రకం పట్టికలో 224 అంటే ఆల్ఫా, 176 అంటే జపనీస్ గీత. అదే మీకు కనిపించేది.

° ఆ పట్టికలోనే ఉంది. స్ట్రింగ్‌లో టైప్ చేయకుండా రైట్ (write) ఫంక్షన్‌తో 223 పంపండి. ఏ02 పట్టిక ఉన్న చిప్ అయితే 176. ఏదో తేల్చుకోవాలంటే 160 నుంచి 255 వరకూ రైట్‌తోనే పంపి చూడండి. జపనీస్ వస్తే ఏ00, యూరప్ అక్షరాలు వస్తే ఏ02. ఏ02లో é నేరుగా 233. ఏ00లో అది లేదు, గీయాల్సిందే.

పీలేరు_టెక్:
సొంతంగా గీసుకోవడానికి చిప్‌లో 8 గళ్లున్నాయి, ఒక్కోటి 5×8 చుక్కలు. ఎల్‌సీడీ లైబ్రరీలోని క్రియేట్‌క్యార్ (createChar) ఫంక్షన్‌తో నింపాలి. మీ అవసరానికి సరిగ్గా సరిపోతాయి. తెలుగు అక్షరం ఒక్క గడిలో చదవడానికి రాదు, రెండు గళ్లివ్వండి. తి, రు, ప కలిపి 6. చివరి తి మొదటిదే. ఇంకో రెండు ₹, éలకి.

పై వరస నుంచి కిందికి, ఒక్కో వరస చుక్కలకి ఒక్కో నంబరు:
₹: 31, 2, 31, 2, 28, 8, 4, 2
é: 2, 4, 14, 17, 31, 16, 14, 0

తెలుగుకి గళ్ల కాగితం మీద 11 నిలువు, 8 అడ్డం తీసుకుని 6వ నిలువు కొట్టేయండి. రెండు గళ్ల మధ్య గాజు మీద ఉండే ఖాళీ అది. తి గుడికి పైన రెండు వరసలు చాలు. ప దగ్గరే జాగ్రత్త: తలకట్టుకీ కింది గిన్నెకీ మధ్య ఒక వరస ఖాళీ వదలకపోతే వ లాగా కనిపిస్తుంది.

ఎక్కువమంది తడబడేది రెండు చోట్ల. క్రియేట్‌క్యార్ అయ్యాక, తెరమీద ఎక్కడ రాయాలో చెప్పే సెట్‌కర్సర్ (setCursor) పిలవకపోతే తర్వాతి ప్రింట్ తెరమీదికి రాదు, మీరు గీసిన గళ్ల మీదే పడి వాటిని చెరిపేస్తుంది. ఇక 0వ గడిని స్ట్రింగ్‌లో పెడితే స్ట్రింగ్ అక్కడే తెగుతుంది. దాని బదులు 8 వాడండి, 8 నుంచి 15 వరకూ మళ్లీ అవే గళ్లు. పేర్లలో 195 వెంట 169 వస్తే (యూటీఎఫ్-8లో é అంటే ఆ రెండు బైట్లే) ఆ రెంటినీ మింగేసి é గడి నంబరు పంపాలి.

లాడ్జి_బోర్డు:
° వచ్చేసిందన్నా. చిత్తూరు బ్రాంచికీ ఇదే పద్ధతి చాలునా?

రేణిగుంట_సర్క్యూట్:
చాలదు. "త్తూ"లో దీర్ఘం, కింద వత్తు రెండూ 8 చుక్కల ఎత్తులో పట్టవు. రెండు వరసల మీద గీద్దామంటే వరసల మధ్య సందు అక్షరాన్ని కోసేస్తుంది, పైగా గళ్లన్నీ ఊరి పేరుకే అయిపోతాయి. అక్కడ 128×64 చుక్కల గ్రాఫిక్ ఎల్‌సీడీ (ఎస్‌టీ7920 చిప్‌ది) పెట్టి, దానిమీద బొమ్మలు గీసే యూ8జీ2 లైబ్రరీ వాడండి. అది కూడా గుణింతాలూ వత్తులూ తనంతట కలపదు. అందుకే "చిత్తూరు"ని కంప్యూటర్‌లో టైప్ చేసి, 64×24 నలుపు-తెలుపు బొమ్మగా ఎక్స్‌బీఎం (ప్రోగ్రామ్‌లో నేరుగా పెట్టుకోగల బొమ్మ) ఫార్మాట్‌లో సేవ్ చేయండి. 192 బైట్లే, ఫ్లాష్‌లో (ప్రోగ్రామ్ ఉండే మెమరీ) పెట్టండి. తెర మొత్తం బఫర్‌కి 1024 బైట్లు పడుతుంది, యూనోలో ఉన్న ర్యామే 2048. కాబట్టి తెరని ముక్కలు ముక్కలుగా గీసే పేజీ మోడ్ ఎంచుకోండి.