కోపం, భయం మెదడు కట్టుకునేవే, మార్చుకోవచ్చు. ఏమంటారు?

గోదారోడు: లీసా ఫెల్డ్‌మన్ బారెట్ అనే సైకాలజిస్టు వాదన చదివినప్పట్నుంచీ బుర్రలో అదే తిరుగుతోంది. కోపం, భయం పుట్టుకతో మెదడులో బిగించిన స్విచ్చులు కావంట. గుండె దడ, కడుపులో తిప్పడం లాంటివి వస్తే మెదడు పాత అనుభవాలూ మనకి తెలిసిన మాటలూ కలిపి ఇది భయం, ఇది కోపం అని అప్పటికప్పుడు కట్టేస్తుందంట. మన బెంగే చూడండి, హాస్టల్లో దింపొచ్చిన పిల్లాడికి ఒళ్ళు వెచ్చబడితే అమ్మమ్మలు "బెంగెట్టుకున్నాడు" అనేస్తారు, ఇంగ్లీషోడికి ఆ మాటే లేదు. కట్టేది మెదడే అయినప్పుడు ఇంకోలా కట్టడం నేర్పొచ్చుగా?

కాఫీదాసు: హోమ్‌సిక్‌నెస్ అంటారు సార్. ఉంది.

గోదారోడు: అది ఇల్లు గుర్తొస్తే. ఇంట్లోనే ఉండి, దుబాయ్ వెళ్ళిన నాన్న కోసం జ్వరం తెచ్చుకున్న పిల్లనేమంటారు?

సుధారాణి_వైజాగ్: బెంగ సంగతి తర్వాత. పాల్ ఎక్‌మన్ అనే సైకాలజిస్టు 1960ల్లో పాపువా న్యూగినీ కొండల్లో ఫోరే జనానికి ఫొటోలు చూపిస్తే కోపం మొహం, ఏడుపు మొహం పట్టేశారు, బయటి సినిమాలు ఎరగని మనుషులు. మన నాట్యశాస్త్రంలో ఎనిమిది స్థాయీభావాలు, అంటే మనుషులందరిలో ఉండే మూల భావాలు, ఎప్పుడో రాసి పెట్టారు. మెదడులో ఫలానా చోట కరెంటు పెడితే ఎలక కూడా మీదపడి కరుస్తుంది, దానికేం మాటలొచ్చని?

గోదారోడు: ఎక్‌మన్ కథ చెప్పి, దానికి సరిపోయే ఫొటో ఏరమన్నాడండీ. నమీబియాలో హింబా వాళ్ళకి ఫొటోలు కుప్పపోసి మీకు తోచినట్టు విడదీయమంటే మనం అనుకున్న కుప్పలు రాలేదు. భయానికి మెదడులో అమిగ్డాలా అనే చిన్న భాగమే మూలం అంటారు కదా, అది రెండువైపులా దెబ్బతిన్న ఒకావిడ, పాములకి కూడా జంకని మనిషి, కార్బన్ డయాక్సైడ్ పీల్పిస్తే హడలిపోయింది. మరి ఆ భయం ఎక్కడ్నుంచి వచ్చినట్టు?

సుధారాణి_వైజాగ్: ఒంట్లోంచి! నేను చెప్పేదీ అదేగా. ఊపిరి ఆడకపోతే ఆలోచించుకుని భయపడతామా ఎవరైనా?

నల్గొండ_పోరడు: అన్నా, గీ లొల్లి నాకు సమజ్ కాలే. మా నాయిన కోపమొస్తే గ్లాసులు ఇసిరికొట్టేటోడు. ఇసిరింది మెదడా, మా నాయినా?

గోదారోడు: అదీ ప్రశ్న. మా నాన్నా అంతే, "నా స్వభావం ఇంతే" అని ముప్పయ్యేళ్ళు గడిపేశాడు. ఆ స్వభావం ఆఫీసులో పైవాడి ముందు ఒక్కరోజు కూడా బయటికి రాలేదు, సాయంత్రం అమ్మ మీదే వచ్చేది. పుట్టుకతో వచ్చిందని వెనకేసుకొచ్చే వాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది నాకు.

సుధారాణి_వైజాగ్: నేను మీ నాన్నగార్ని వెనకేసుకు రాలేదు, మాట పెట్టకండి. నాకు డెలివరీ అయ్యాక పాపని ఎత్తుకోబుద్ధి అయ్యేది కాదు. నాలుగు నెలలు ఇంటిల్లిపాదీ ఒకటే పాట, ఆలోచన మార్చుకో, అంతా నీ మనసులోనే ఉంది అని, ఐదో నెలలో గానీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళలేదు. మందులు పనిచేశాక కదా నా పాపని నేను చూసుకుంది. మీరు మార్చుకోవచ్చు అంటుంటే నాకు మా ఆడపడుచు గొంతు వినిపిస్తోంది.

గోదారోడు: అయ్యో, అనుకుంటే పోతుందని నేనన్లేదండీ. బారెట్ కూడా నిద్ర, తిండి, ఒంటి సంగతే ముందు చూసుకోమంటుంది.

సుధారాణి_వైజాగ్: "మార్చుకోవచ్చు" అని హెడ్డింగ్ పెట్టింది మీరే.

గోదారోడు: మా నాన్నని తల్చుకుని పెట్టాను. ఎదుట ఎవరున్నారో చూసుకుని వచ్చే కోపానికి మందెందుకు?

సుధారాణి_వైజాగ్: ఆయనకి అక్కర్లేదేమో. నాకు కావాలో అక్కర్లేదో కూడా పక్కవాళ్ళే తేల్చేశారు, అదీ నా బాధ.

నల్గొండ_పోరడు: అక్క చెప్పింది కరెక్టే. కానీ మా నాయినని మాత్రం నేను మాఫ్ చెయ్య.

కాఫీదాసు: డిక్షనరీలో చూశా, బెంగకి పైనింగ్ అని ఒకటుంది.