జ్వరం తగ్గి 14 నెలలు, మనిషిని కాలేదు. సైకాలజిస్టును కలిస్తే "రోగం మనసులోనే ఉంది" అని ఒప్పుకున్నట్టేనా?

సగం ఛార్జి:
వైరల్ జ్వరం వచ్చింది వారం రోజులే. అది తగ్గి 14 నెలలైంది. ఇప్పటికీ స్నానం స్టూల్ మీద కూర్చునే చేస్తున్నాను. జుట్టు దువ్వుకుంటుంటే సగంలోనే చెయ్యి లాగేస్తుంది, దువ్వెన ఒళ్లో పెట్టుకుని కాసేపు గోడవైపు చూస్తూ కూర్చుని, మళ్లీ మొదలుపెడతాను. రక్తపరీక్షలు, ఈసీజీ, స్కాన్ అన్నీ నార్మల్. నిన్న డాక్టర్ గారు ఫైల్ మూసి నా చేతికిచ్చి "ఒకసారి సైకాలజిస్టును కలవండమ్మా" అన్నారు. అక్క కూడా వెళ్లమనే అంటోంది. నాకేమో ఒక్కసారి ఆ గుమ్మం ఎక్కితే ఇక ఏ డాక్టరూ నా మాట నమ్మడేమోనని భయం. పోనీ మనసు బాగుందా అంటే అదీ లేదు, రాత్రి అందరూ పడుకున్నాక రోజూ ఏడుపే. వెళ్లాలా, వద్దా? ఇలాంటి జబ్బు పడ్డవాళ్లు చెప్పండి, దయచేసి "పాజిటివ్‌గా ఉండండి" అని మాత్రం రాయకండి.

పాత కాపు:
నా ఓటు వద్దనే. ఎప్‌స్టీన్-బార్ వైరస్ వచ్చి 11 ఏళ్లు, ఆ తర్వాత తేలింది ఎంఈ, అంటే క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్. ఈ జబ్బు చరిత్ర తెలిస్తే నా కోపం అర్థమవుతుంది. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ హాస్పిటల్‌లో దాదాపు 300 మంది జబ్బు పడ్డారు, ఎక్కువమంది అక్కడి సిబ్బందే. 15 ఏళ్ల తర్వాత, 1970లో, ఇద్దరు సైకియాట్రిస్టులు ఆ పాత కేసు కాగితాలు తిరగేసి, ఒక్క పేషెంటును కూడా పరీక్షించకుండా, అదంతా హిస్టీరియా అని రాసేశారు. వాళ్లు చూపించిన కారణాల్లో ఒకటి ఏమిటంటే జబ్బు పడ్డవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువట! ఆ ఒక్క మాట దశాబ్దాలపాటు మమ్మల్ని వెంటాడింది. పేస్ ట్రయల్ అని 641 మందితో పరిశోధన చేసి, సీబీటీ అనే కౌన్సిలింగ్ గానీ, వ్యాయామం మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవడం గానీ చేస్తే బాగవుతారని 2011లో చెప్పారు. పెంచుకుంటూ పోయినవాళ్లలో చాలామంది మంచం పట్టామని మొత్తుకున్నా వినిపించుకున్నవాడు లేడు. చివరికి 2021లో బ్రిటన్‌లో వైద్యులకు సలహాలు రాసే నైస్ సంస్థ ఆ వ్యాయామ పద్ధతిని మార్గదర్శకాల్లోంచి తీసేసింది. పదేళ్లు పట్టిందండీ. కాబట్టి ఫైల్ మూసి సైకాలజిస్టు పేరు చెబితే నేను దాన్ని సలహా అనుకోను, వదిలించుకోవడం అనుకుంటాను.

మెట్ల లెక్క:
పాత కాపు గారు చెప్పిన చరిత్ర నిజమే, కానీ నైస్ చెప్పిన రెండో సగం వదిలేశారు. సీబీటీని రోగం నయం చేసే మందుగా ఇవ్వొద్దంది, అంతేగానీ ఈ రోగంతో బతకడంలో ఉండే బాధకు సాయంగా వాడుకోవచ్చనే అంది. తేడా అక్కడే ఉంది.

నేను వెళ్లాను. మొదటి రోజు చేతిలో 9 ప్రశ్నల ఫారం పెట్టారు, డిప్రెషన్ కొలవడానికి. అలసటగా ఉందా, నిద్ర సరిగ్గా పడుతోందా, చదివేటప్పుడు ధ్యాస నిలుస్తోందా, కదలికలు మందగించాయా... వీటన్నిటికీ నా జబ్బే జవాబు చెబుతుంది కదా! మార్కులు కూడితే తీవ్రమైన డిప్రెషన్ అని వచ్చింది. నా అదృష్టం కొద్దీ ఆవిడ ఆ కాగితం పక్కన పెట్టి "రేపు పొద్దున్నే ఒంట్లో శక్తంతా తిరిగొస్తే ఏం చేస్తారు?" అని అడిగారు. నేను ఆగకుండా పది నిమిషాలు చెప్పాను, ఈత నుంచి అటక సర్దుకోవడం దాకా. కోరిక చచ్చిపోవడం వేరు, కోరిక ఉన్నా ఒళ్లు సహకరించకపోవడం వేరు అన్నారు. రెండూ కలిసి కూడా ఉండొచ్చట, అందుకే విడదీసి చూడాలట. నాకు ఆ ఒక్క గంటలో దొరికింది అంతకుముందు ఏడాదిలో ఎవరి దగ్గరా దొరకలేదు.

లేచి నడిచినోడు:
అందరూ తిడతారని తెలిసే రాస్తున్నా. నాకూ ఇదే, 8 నెలలు. రోజూ గూగుల్‌లో లక్షణాలు వెతకడం, గుండె కొట్టుకోవడం లెక్కపెట్టుకోవడం, గుంపుల్లో చేరి ఒకరి బాధ ఒకరికి చెప్పుకోవడం. ఒకరోజు విసుగొచ్చి అన్నీ ఆపేసి బూట్లు వేసుకుని నడక మొదలుపెట్టా. ఇప్పుడు పరిగెడుతున్నా. జబ్బు గురించే ఆలోచిస్తూ కూర్చుంటే జబ్బే మనిషవుతుంది. సైకాలజిస్టు దగ్గరికే కాదు, ఎవరి దగ్గరికైనా వెళ్లండి, కానీ ముందు మంచం దిగండి.

పాత కాపు:
మంచం దిగండి!! మాకు తట్టలేదు చూడండి ఇన్నాళ్లూ.

మీరు బాగయ్యారు, నిజంగా సంతోషం. కానీ మీకు 8 నెలలకు తగ్గడానికి బూట్లే కారణమని ఎలా తెలుసు? చాలామందికి మొదటి ఏడాదిలో తగ్గుతుంది. ఆస్ట్రేలియాలో డబ్బో అనే ఊళ్లో 253 మందిని ఇన్ఫెక్షన్ మొదలైనప్పటి నుంచి గమనించి 2006లో ఫలితాలు వేశారు. 6 నెలలకు 12 శాతం మందికి అలసట జబ్బు మిగిలింది, 12 నెలలకు అది 9 శాతానికి తగ్గింది. అంటే వాళ్లలో కొందరు ఈలోపు బాగయ్యారు, వాళ్లలో ఎవరైనా ఆ వారమే నడక మొదలుపెట్టి ఉంటే మీలాగే చెప్పేవారు. ఇంకో సంగతి, ఎవరికి మిగులుతుందన్నది ఎక్కువగా మొదటి జబ్బు ఎంత తీవ్రంగా వచ్చిందన్నదాన్ని బట్టి తేలింది, మనస్తత్వాన్ని బట్టి కాదు.

ఈ జబ్బులో శ్రమ చేసిన రోజు బాగానే ఉంటుంది, దెబ్బ మర్నాడో, ఆ మర్నాడో పడుతుంది. అందుకే చేసిందీ పడిందీ ఒకదానికొకటి కలపడానికే నాకు రెండేళ్లు పట్టింది. మీ మాట విని ఎవరైనా బూట్లు వేసుకుంటే రెండ్రోజుల తర్వాత తిరగబెట్టేది వాళ్లకు, మీకు కాదు.

నిద్రలేని గువ్వ:
మనస్తత్వానికి సంబంధమే లేదనడం కూడా తొందరపాటే పాత కాపు గారూ. 2022లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, దాదాపు 55 వేల మంది, అందరికీ కోవిడ్ రాకముందే డిప్రెషన్, ఆందోళన, ఒంటరితనం, ఒత్తిడి ఎంత ఉన్నాయో రాసిపెట్టుకున్నారు. ముందే అవి ఉన్నవాళ్లకు లాంగ్ కోవిడ్, అంటే కోవిడ్ తగ్గినా వదలని జబ్బు, ఎక్కువగా వచ్చింది. అయితే వచ్చినవాళ్లలో 40 శాతానికి పైగా అంతకుముందు ఏ దిగులూ లేనివాళ్లే. రాసినవాళ్లు కూడా, దీన్ని పట్టుకుని మానసిక జబ్బు అనకండని చెప్పారు. మనసుకూ రోగనిరోధక శక్తికీ సంబంధం ఉంటే అది ఒంట్లో ఉన్న సంబంధమే కదా. గుండెపోటు వచ్చినవాళ్లకు దిగులు ఉంటే కోలుకోవడం కష్టమంటారు, అంతమాత్రాన గుండెపోటు అబద్ధమని ఎవరైనా అన్నారా? ఆ మర్యాద మనకెందుకు దొరకదు అన్నదే నా బాధ.

పక్క కుర్చీ:
నేను రోగిని కాదు, రోగి భర్తను. మీరంతా లెక్కలు మాట్లాడుతున్నారు, నేను ఇంట్లో సంగతి చెబుతాను. మూడేళ్లుగా మా ఆవిడను చూడ్డానికి వచ్చినవాళ్లు "గుండ్రాయిలా ఉన్నావే" అంటారు. వాళ్లు కూర్చున్న ఆ అరగంట తను నవ్వుతూ మాట్లాడుతుంది, వాళ్లు వెళ్లాక తలుపు వేసి నేను తిరిగి చూసేసరికి ముఖం గోడకు తిప్పుకుని ఉంటుంది, అక్కడి నుంచి రెండ్రోజులు లైటు కూడా వేయనివ్వదు. ఆ రెండ్రోజులూ ఎవరికీ కనిపించవు. నిజం చెప్పాలంటే నాకూ ఒక దశలో అనుమానం వచ్చింది, బయటికి చెప్పలేదు గానీ తనకు తెలిసిపోయింది. మా మధ్య పెరిగిన మౌనం ఆ అనుమానం వల్లే వచ్చింది, వైరస్ వల్ల కాదు. సైకాలజిస్టు దగ్గరికి చివరికి వెళ్లింది నేను. ఇది వెళ్లాలా వద్దా అన్నదానికి జవాబు కాదని తెలుసు. ఇంట్లో ఇంకెవరినైనా పంపొచ్చు అని మాత్రం చెబుతున్నా.

మెట్ల లెక్క:
@పక్క కుర్చీ, ఇంత నిజాయితీగా ఎవరూ రాయరండీ.

ఇంకో మాట మిగిలింది, ఒప్పుకోవడం గురించి. "యాక్సెప్ట్ చేయండి" అంటే నాకూ ఒళ్లు మండేది. కుటుంబాల మీద పరిశోధన చేసిన పాలీన్ బాస్ అనే ఆవిడ 1970లలోనే ఒక మాట వాడింది, యాంబిగ్యుయస్ లాస్ అని, అంటే తేలని నష్టం. తప్పిపోయిన మనిషి కోసం ఎదురుచూసే కుటుంబాల గురించి మొదలైన ఆలోచన అది. పోయాడని ఏడ్చి ఊరుకోలేరు, వస్తాడని తలుపు తీసి పెట్టుకుని కూర్చోలేరు. నాకు నా సంగతే గుర్తొచ్చింది. పాత నేను చనిపోలేదు, ఇంటికి రాలేదు. అలాంటప్పుడు ఒప్పుకోవడం అంటే "ఇక ఇంతే" అనుకోవడం కాదనిపించింది. ఈరోజుకు ఇంత అనుకోవడం. నేను మా మెట్ల మీద ఏడోదాని దగ్గర ఒక చిన్న పీట వేయించాను. ఆర్నెల్లు పీట వద్దన్నాను, వేస్తే శాశ్వతంగా ఉండిపోతుందని భయం. వేశాక రోజుకు రెండుసార్లు కిందికి దిగుతున్నాను.

అన్నట్టు, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చేవాళ్లుంటే మాత్రం ఈ వాదన మీది కాదు, ఆరోజే ఎవరికో ఒకరికి నోరు తెరిచి చెప్పండి.

లేచి నడిచినోడు:
పీట మాట చదివి చాలాసేపు ఆగాను. సరే, మంచం దిగమన్నది వెనక్కి తీసుకుంటున్నా, నాది అందరిలాంటి కేసు కాకపోవచ్చు. కానీ రోజంతా లక్షణాలు లెక్కపెట్టుకోవడం మానాక నాకు మనశ్శాంతి దొరికిందన్నది నిజం, దాన్ని మాత్రం వదులుకోను.

పాత కాపు:
అది నేనూ కాదనను. గుండె వాచీ తీసేసిన వారం నాకూ హాయిగా ఉంది. మళ్లీ పెట్టుకున్నాను, ఎందుకంటే గుండె వేగం చూసి ఎక్కడ ఆగాలో తెలుసుకోవాలి కదా. ఇది ఎప్పటికీ తెగని తగాదా.

సగం ఛార్జి గారూ, నా ఓటు కొంచెం మారుస్తున్నా. వెళ్లేముందు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న వేయండి: "శ్రమ చేశాక జబ్బు పెరిగే రోగుల్ని ఇంతకుముందు చూశారా, వాళ్లకు ఏం చెబుతారు?" అని. కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి అంటే ఫోన్ పెట్టేయండి. ఇంకోటి, వెళ్తున్నంత మాత్రాన మామూలు డాక్టరును వదిలేయకండి. నిలబడిన పది నిమిషాల్లో గుండె వేగం నిమిషానికి 30 సార్లకు పైగా పెరుగుతోందేమో చూశారా అని అడగండి, పడుకోబెట్టి తీసిన ఈసీజీలో అది కనిపించదు.

సగం ఛార్జి:
అన్నీ చదివాను, రెండు రోజులు పట్టింది, ముక్కలు ముక్కలుగా. నిలబెట్టి గుండె వేగం ఎవరూ చూడలేదు, ఆ మాట కాగితం మీద రాసుకున్నాను. పక్క కుర్చీ గారి పోస్టు అక్కకు పంపితే చాలాసేపు ఏమీ రాయలేదు, తర్వాత "నేను కూడా రానా?" అని మాత్రం రాసింది.

ఫోన్ చేశాను. పాత కాపు గారి ప్రశ్నే అడిగాను. ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు, "అలాంటివాళ్లను ఇద్దరినే చూశాను, మీ దగ్గర నేర్చుకోవాల్సి ఉంటుంది" అన్నారు. అది మంచి జవాబో కాదో నాకు తెలియలేదు గానీ ఫోన్ పెట్టేయాలనిపించలేదు. పడుకుని వీడియోలో మాట్లాడొచ్చట, గంట అవసరం లేదు, 25 నిమిషాలు చాలట. డాక్టర్ గారి మీద కోపం తగ్గలేదు, ఆ ఫైల్ అలా మూయకుండా ఉండాల్సింది. గురువారం పెట్టుకున్నాను. మాట్లాడటం కూడా శ్రమే కాబట్టి శుక్ర, శని వారాలు ఏ పనీ పెట్టుకోలేదు, తలస్నానం కూడా ఆదివారానికి జరిపాను.