శామ్ బర్జెస్ యూనియన్‌లో ఓడిపోయాడా, ఓడించారా?

కృష్ణాతీరం:
2015 రగ్బీ (యూనియన్) ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ ఓటమి మాట ఎత్తితే చాలు, అక్కడి అభిమానులు శామ్ బర్జెస్ పేరు తీస్తారు. ఈ ఆట పెద్దగా చూడనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. రగ్బీ రెండు రకాలు: లీగ్, యూనియన్. లీగ్‌లో జట్టుకు 13 మంది. బంతి ఉన్న జట్టుకు ఆరు ట్యాకిళ్లు (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడం), ఆ తర్వాత బంతి అవతలివాళ్లది. యూనియన్‌లో 15 మంది. ట్యాకిల్ అయ్యాక కూడా నేల మీద బంతి కోసం కొట్లాట ఆగదు. పని మానుకొని ఆడేవాళ్లకు ఆ కూలి నష్టం ఇవ్వాలా వద్దా అన్న గొడవతో 1895లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లో సమావేశమై విడిపోయాయి, అలా పుట్టిందే లీగ్. యూనియన్‌లో జీతాలకు అనుమతి వచ్చింది 1995లోనే. లీగ్ నుంచి యూనియన్‌కి దారి తెరుచుకున్నదీ ఆ తర్వాతే.

బర్జెస్ లీగ్‌లో ఫార్వర్డ్, అంటే ముందుండి గుద్దుకునేవాడు. 2014 అక్టోబర్‌లో ఎన్‌ఆర్‌ఎల్ (ఆస్ట్రేలియాలోని లీగ్ టోర్నీ) ఫైనల్. ఆట మొదలవగానే ఎదుటి జట్టు ఆటగాడు జేమ్స్ గ్రాహం తల తగిలి బర్జెస్ చెంప ఎముక విరిగింది. ముఖం వాచిపోయినా బయటకు రాలేదు, చివరిదాకా ఆడాడు. అతని జట్టు సౌత్ సిడ్నీ 30-6తో గెలిచింది. 1971 తర్వాత వాళ్లకు అదే మొదటి టైటిల్, ఫైనల్లో ఉత్తమ ఆటగాడి పతకం ఇతనిదే. అక్కణ్ణుంచి నేరుగా ఇంగ్లండ్‌లో బాత్ క్లబ్‌కి, యూనియన్‌కి వచ్చాడు. ఏడాది తిరిగేసరికి ప్రపంచకప్ ఆడాడు, ఇంగ్లండ్ తరఫున మొత్తం ఐదు మ్యాచ్‌లతో తిరిగి సిడ్నీ వెళ్లిపోయాడు. తప్పు ఎవరిది?

పచ్చమైదానం:
బర్జెస్‌దే. మూడేళ్ల ఒప్పందం చేసుకున్నవాడు ఏడాదికే వెళ్లిపోతే ఏమనాలి? కుటుంబం కోసం అన్నాడు, ఆ మాట నేను కాదనను. కానీ అతని కోసం సెంటర్ (మైదానం మధ్యలో ఆడేవాడు) ల్యూథర్ బరెల్‌ని పక్కన పెట్టారు. ఆ ఏడాది సిక్స్ నేషన్స్ (ఐరోపాలోని ఆరు దేశాల టోర్నీ) అంతా ఆడిన మనిషి సొంత గడ్డ మీద ప్రపంచకప్‌కి లేకుండా పోయాడు. బర్జెస్ వెళ్లిపోయాడు గానీ, బరెల్‌కి ఆ అవకాశం మళ్లీ రాలేదు కదా.

స్క్రమ్‌హాఫ్:
పచ్చమైదానం గారూ, బరెల్‌కి అన్యాయం జరిగింది, ఒప్పుకుంటాను. కానీ ఆ జట్టును ఎంపిక చేసింది బర్జెస్ కాదు.

ఒకసారి బాత్‌లో ఏం జరిగిందో చూడండి. మొదట సెంటర్‌లో ఆడించారు. కొన్ని నెలలకే కోచ్ మైక్ ఫోర్డ్ అతన్ని ఫ్లాంకర్‌గా, అంటే ఫార్వర్డ్‌గా, మార్చాడు. నా లెక్కలో అదే సరైన చోటు. ఎదురుగా గుద్దుకుంటూ పోవడం, వరసగా ట్యాకిళ్లు చేయడం అతని బలం. ఇంగ్లండ్ కోచ్ స్టూవర్ట్ లాంకాస్టర్ మాత్రం ఇన్‌సైడ్ సెంటర్‌గానే (12వ నంబర్) కావాలన్నాడు. క్లబ్‌లో బౌలింగ్ చేయించి, ప్రపంచకప్‌లో ఓపెనింగ్ బ్యాటింగ్‌కి పంపినట్టు! ఆ స్థానంలో ఆడేవాడు పక్కనున్న ఫ్లైహాఫ్‌ని (ఆట నడిపించేవాణ్ణి) కాయాలి, రక్ (నేల మీది బంతి కోసం తోపులాట) నుంచి బంతి ఎటు వస్తుందో పసిగట్టాలి, డిఫెన్స్ లైన్ ఎప్పుడు ముందుకు కదలాలో కేకేసి చెప్పాలి. ఆ చూపు ఏళ్ల తరబడి ఆడితే గానీ రాదు.

ఇక వేల్స్ మ్యాచ్. జొనాథన్ జోసెఫ్ గాయంతో లేడు, బర్జెస్‌ని 12వ నంబర్‌లో దించారు. దాదాపు 70వ నిమిషంలో అతన్ని బయటకు తీసేసరికి ఇంగ్లండ్ 25-18తో ముందుంది. ఆ తర్వాత, గాయాల వల్ల వింగ్‌లో (మైదానం అంచున) ఆడాల్సి వచ్చిన వేల్స్ స్క్రమ్‌హాఫ్ లాయిడ్ విలియమ్స్ బంతిని లోపలికి తన్నాడు, గారెత్ డేవిస్ అందుకొని ట్రై (గీత దాటి బంతిని నేలకి ఆనించడం) చేశాడు. వేల్స్ ఆటగాడు బిగ్గర్ పెనాల్టీతో వాళ్లు 28-25తో ముందుకెళ్లారు. చివర్లో ఇంగ్లండ్‌కి పెనాల్టీ దొరికింది. గోల్‌కి తంతే సమం అయ్యేది. కెప్టెన్ రాబ్‌షా లైనౌట్ (పక్కగీత నుంచి బంతిని లోపలికి విసరడం) కోరుకున్నాడు. బంతి లైనౌట్‌లో ముందున్న రాబ్‌షాకే విసిరారు, వేల్స్ వాళ్లు అతన్ని అలాగే టచ్‌లోకి (పక్కగీత బయటికి) నెట్టేశారు. వీటిలో ఏ ఒక్కటి జరిగినప్పుడూ బర్జెస్ మైదానంలో లేడు. అయినా మర్నాటి నుంచి అందరికీ దొరికింది అతనే. ఇది నాకు ఇప్పటికీ కడుపు మండే విషయం.

గోదారిగట్టు:
మరి జేసన్ రాబిన్సన్? 2000లో లీగ్ వదిలాడు, 2001లోనే ఇంగ్లండ్‌కీ లయన్స్‌కీ (బ్రిటన్, ఐర్లండ్ ఉమ్మడి జట్టు) ఆడాడు. సత్తా ఉన్నవాడికి ఏడాది చాలు.

స్క్రమ్‌హాఫ్:
రాబిన్సన్ ఆడింది వింగ్‌లో, ఫుల్‌బ్యాక్‌లో (అందరికంటే వెనక) గోదారిగట్టు గారూ. అక్కడ ఖాళీ ఉంటుంది, ఎదురుగా ఒక్కడు ఉంటాడు, వాణ్ణి దాటితే పని అయిపోతుంది. ఆ విద్య ఏ రగ్బీలోనైనా ఒకటే. 2003 ప్రపంచకప్ ఫైనల్లో మొత్తం రెండే ట్రైలు. ఆస్ట్రేలియాకి లోటె టుకీరి, ఇంగ్లండ్‌కి రాబిన్సన్. ఇద్దరూ లీగ్ నుంచి వచ్చినవాళ్లే, ఇద్దరూ వింగర్లే.

1996లో లీగ్ క్లబ్ విగన్, యూనియన్ క్లబ్ బాత్ రెండు నియమాలతోనూ పోటీపడ్డాయి. లీగ్ పద్ధతిలో విగన్ 82-6తో గెలిచింది. యూనియన్ పద్ధతిలో బాత్ 44-19తో గెలిచింది. మనుషులు దాదాపు వాళ్లే. స్క్రమ్ (ఫార్వర్డ్‌ల తోపులాట), లైనౌట్ వచ్చేసరికి విగన్ లాంటి జట్టుకే చేతులు కట్టేసినట్టయింది. మధ్యలో ఆడేవాడికి ఆ తేడా అంత ఉంటుంది.

పచ్చమైదానం:
న్యూజిలాండ్ ఆటగాడు సోనీ బిల్ విలియమ్స్ లీగ్‌లో సెకండ్ రో ఫార్వర్డ్. యూనియన్‌లో 12వ నంబర్‌లో ఆడాడు, 2011, 2015 ప్రపంచకప్‌లు రెండూ గెలిచాడు. మధ్యలో లీగ్‌కి వెళ్లి 2013లో సిడ్నీ రూస్టర్స్‌తో టైటిల్ కూడా కొట్టాడు. అతనికి సాధ్యమైంది బర్జెస్‌కి ఎందుకు కాలేదు?

స్క్రమ్‌హాఫ్:
మంచి ఉదాహరణ ఇచ్చారు. అతను 2008లో ఫ్రాన్స్‌లోని తులోన్‌కి వెళ్లాడు, న్యూజిలాండ్ జట్టులోకి వచ్చింది 2010 చివర్లో. రెండేళ్లు క్లబ్‌లో సెంటర్‌గా పని నేర్చుకున్నాడు. బర్జెస్ క్లబ్‌లో నేర్చుకున్నది ఒక పని, దేశానికి చేసింది ఇంకో పని.

కృష్ణాతీరం:
స్క్రమ్‌హాఫ్ గారి వాదనతో చాలావరకు ఏకీభవిస్తాను. ఒక్కటే మింగుడుపడదు. బర్జెస్ 2015 నవంబర్ మొదట్లో వెళ్లిపోయాడు, అదే నెలలో ఎడ్డీ జోన్స్ ఇంగ్లండ్ కోచ్‌గా వచ్చాడు. 2003లో లీగ్ నుంచి వచ్చిన టుకీరి, వెండెల్ సెయిలర్, మాట్ రోజర్స్ ముగ్గురినీ ఆస్ట్రేలియాకి ఆడించింది ఈయనే. ఇంకొన్ని వారాలు ఓపిక పట్టి ఉంటే?

స్క్రమ్‌హాఫ్:
కొత్త కోచ్ ఎవరో అప్పటికి అతనికేం తెలుసు? పైగా దేశమంతా వేలెత్తి చూపుతున్న రోజుల్లో 26 ఏళ్ల కుర్రాణ్ణి ఆగమని నేనైతే అడగలేను. జోన్స్ వచ్చి ఫ్లాంకర్‌గా ఆడించి ఉంటే మాత్రం, ఆ బర్జెస్‌ని చూడాలని నాకూ ఉండేది.